కొట్టు, కొట్టీ

నా చెల్లెలి గొంతును నేను చెరిపేశానని మా బావ పదిమందిలో చెప్పాడు. నేను చెరపలేదు. నేను చెప్పిన మాట ఒకటి, అతను చేసిన పని మరొకటి. ఆమె సంవత్సరీకం నాడు, భోజనాల వేళ, చుట్టాలంతా వరసగా కూర్చుని వింటుండగా, "బావే కొట్టీమన్నాడు, కొట్టీసినాను" అన్నాడు. అని, నా వైపు చూడకుండా నెయ్యిగిన్నె పట్టుకుని రెండో వరసలోకి వెళ్ళిపోయాడు.

నేను విస్తరి ముందునుంచి లేచి చెయ్యి కడిగేసుకున్నాను. ఆ భోజనం మధ్యలో లేవకూడదని నాకూ తెలుసు. లేచాను.

వయసు మీద పడ్డవాడికి జ్ఞాపకం తప్పుతుందంటారు. నాకు తప్పలేదు. ఆ రోజు కంప్యూటరులో ఏ తెర తర్వాత ఏ తెర వచ్చిందో, ఏ మాటకి ఎవరు ఏమని బదులు పలికారో ఇప్పటికీ వరసగా అప్పజెప్పగలను. నా మాట నమ్మినవాళ్ళు తక్కువ కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

మా బావ అంటే నా చెల్లెలి భర్త. పొందూరులో ఒక ఖద్దరు దుకాణంలో గజం కర్రతో గుడ్డ కొలిచి ఇచ్చే పని చేసేవాడు. నాకంటే చిన్నవాడే అయినా వరసకి ఇద్దరం ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. నేను గరివిడిలో మాంగనీసు కరిగించే కర్మాగారంలో కొలిమి పక్కన పనిచేసి రిటైరయినవాణ్ణి. మూడో తరగతితో బడి మానేశాను. తెలుగు గోడల మీది సినిమా కాగితాలు చూసి పట్టుబడింది. ఇంగ్లీషు అక్షరాలు కొలిమి మీటర్ల కింద రాసి ఉన్నవి చూసి నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. నేర్పమని అడిగితే నవ్వినవాళ్ళున్నారు, వాళ్ళూ జ్ఞాపకమే.

మా చెల్లెలు రాట్నం వడుకుతూ పాడేది. ఆ పాటలు పొందూరువి కావు. మా ఊళ్ళో వరినాట్ల వేళ ఆడవాళ్ళు పాడుకునేవి. నాట్ల పాటకి నడుం వంచి లేచే ఊపు ఉంటుంది. ఆ ఊపుని ఆమె రాట్నం తిరిగే వేగానికి సాగదీసుకుంది. ఒక్కో మాట దారంలాగ వచ్చేది. తెగుతుందేమో అనుకునేలోపు మళ్ళీ అందుకునేది. నేను వెళ్ళినప్పుడల్లా నా సెల్‌ఫోను దూది బుట్ట పక్కన పెట్టి రికార్డు చేసేవాణ్ణి. మొదట్లో ఆమెకి తెలియదు. తెలిశాక నవ్వింది. "నా పాటని పెట్టిలో ఎట్టుకుంతావేటి అన్నియ్యా" అంది. పెట్టి అంటే కంప్యూటరు.

ఆ తర్వాత మూత్రపిండాలు పాడై, శ్రీకాకుళం ఆసుపత్రికి తిరిగి తిరిగి, పోయింది. పాటలు మాత్రం పెట్టిలో ఉన్నాయి.

ఆ పెట్టి సంగతి చెప్పాలి. రిటైరయ్యాక ఏదో ఆఫీసువాళ్ళు పారేయబోతున్న పాత కంప్యూటరు ఒకటి తెచ్చుకున్నాను. అందులో ఏమీ లేదు. విజయనగరంలో గంటస్తంభం దగ్గర పుస్తకాల కొట్లో ఒక లావుపాటి పత్రిక దొరికేది, దానితోపాటు ఒక సీడీ ఇచ్చేవాళ్ళు. ఆ సీడీలో కంప్యూటరుని నడిపించే సరంజామా అంతా ఉంటుందని, డబ్బు కట్టకుండా ఎవరైనా వేసుకోవచ్చని రాసి ఉంది. వేశాను. బొమ్మల తెర రాలేదు. పాత యంత్రానికి అంత శక్తి లేదట. దానికి బదులు నీలం తెర వచ్చింది. మధ్యలో బూడిదరంగు చదరం, అందులో అక్షరాలు, ఒక్క గీత మాత్రం ఎర్రగా. మౌస్ కదిపితే ఏమీ కదలదు. అంతా మీటలతోనే.

నాకు అది నచ్చింది. ఎందుకంటే కొలిమి గదిలో మా తెరలూ అలాగే ఉండేవి. అలంకారం లేదు, అడిగినదానికి జవాబు చెప్పాలి, చెప్పకపోతే ముందుకి పోదు. పైకీ కిందకీ నడవడానికి బాణం మీటలు. ఒక చోటినుంచి ఇంకో చోటికి గెంతడానికి టాబ్. చుక్క పెట్టడానికి పొడుగు మీట. ఖాయం చెయ్యడానికి ఎంటర్. అంతే. ఎన్నోసార్లు తప్పు వేశాను, అన్నిసార్లూ మొదటికి వచ్చి మళ్ళీ వేశాను. చివరికి తెరలన్నీ కంఠతా వచ్చేశాయి. కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి. ఆ చెప్పగలగడమే నాకు ముప్పు తెచ్చింది.

ఒక్క కోపం మాత్రం మొదటి రోజునుంచీ ఉంది. ఆ సీడీ మొట్టమొదట భాష ఎంచుకోమంటుంది. బొమ్మల తెర అయితే తెలుగు ఉంటుందట. అక్షరాల తెరలో లేదు. గుణింతాలూ ఒత్తులూ కూర్చడం ఆ తెరకి రాదట. ప్రపంచంలో ఎన్నెన్నో భాషల పేర్లు వరసగా దిగుతాయి, మనది ఉండదు. మంచి యంత్రం కొనుక్కోగలిగినవాడికి తెలుగు, పాత యంత్రం వాడుకునేవాడికి ఇంగ్లీషు. ఆ రోజు ఆ తెర మీద తెలుగు ఉండి ఉంటే మా బావ దాన్ని తడుముకోకుండా చదివేవాడు. ఈ రాత రాయాల్సిన పని ఉండేది కాదు.

ఇక కొట్టు అనే మాట. మా వైపు మీట నొక్కమని ఎవరూ అనరు, కొట్టమంటారు. చెప్పేయ్, వేసేయ్ అని మిగతా జిల్లాలవాళ్ళు అనేవి మాకు సెప్పీ, ఏసీ అవుతాయి. అలాగే కొట్టేయ్ మాకు కొట్టీ. కొట్టు అంటే మీట కొట్టమని, ఇంకో అర్థం లేదు. కొట్టీ అంటే ఉన్నదాన్ని గీత పెట్టి తీసెయ్యమని కూడా. రేషను కార్డులో పేరు కొట్టీసినారంటాం. కోర్టులో కేసు కొట్టీసినారంటాం. కర్మాగారంలో గంట కొట్టు అంటే గంట కొట్టడం, లైను కొట్టీ అంటే కరెంటు తీసెయ్యడం. కొలిమి దగ్గర ఆ రెండు మాటల్నీ కలిపేసుకుంటే మనిషి మిగలడు. అంతకాలం ఆ కొలిమి పక్కన బతికినవాణ్ణి, కీబోర్డు ముందు కొట్టీ అంటానా? ఈ ఒక్క ప్రశ్నకి నాకు ఎవరూ జవాబు చెప్పలేదు.

చెల్లెలు పోయాక మా బావ పొందూరులో ఒంటరివాడయ్యాడు. కూతురు బొబ్బిలిలో నర్సు ఉద్యోగం చేస్తోంది, కాపురం అక్కడే. ఒకసారి నేను వెళ్ళినప్పుడు, ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటోందన్నాడు. రాట్నం మూల పెట్టి పాత ధోవతి కప్పి ఉంచాడు. అప్పుడు నేను ఇంకో పాత యంత్రం సంపాదించి, పాటలన్నీ దానిలోకి ఎక్కించి అతనింట్లో పెట్టాను. లోపలి జాగాని రెండు గదులుగా విడగొట్టాను. మొదటి గదిలో యంత్రాన్ని నడిపే సరంజామా. రెండో గదిలో మా చెల్లెలు. మొదటి గది పాడైతే దాన్ని తుడిచి మళ్ళీ వేసుకోవచ్చు, రెండో గదికి ఏమీ కాదు. ఈ ఏర్పాటు నేను చదివి, ఆలోచించి, పాటల కోసమే చేసింది.

నకలు ఎందుకు ఉంచుకోలేదని అడుగుతారు. అందరూ అదే అడిగారు. నకలు ఉండేది. మా ఇంట్లో నా యంత్రంలో ఉండేది. ఆ ఏడు వచ్చిన తుఫానుకి మా రేకులు లేచిపోయాయి. తెల్లారి చూస్తే యంత్రం నీళ్ళలో ఉంది, పాటలు పట్టిన ఫోను కార్డు ఉన్న అలమార గోడతో సహా కూలి ఉంది. తుఫానుని ఎవరూ తప్పుపట్టరు. నన్ను పట్టారు.

పొందూరులో బావ ఇంటికి ఏమీ కాలేదు గాని, కరెంటు వస్తూ పోతూ ఉండేసరికి అతని యంత్రం మొదటి గది పాడైంది. వెలిగిస్తే నల్ల తెర, మీద తెల్ల చుక్క ఆరుతూ వెలుగుతూ. బావ ఫోను చేసి ఒకటే మాట అన్నాడు. ఆమె ఇనబడతం నేదు అన్నాడు.

నేను భయపడలేదు. రెండో గది క్షేమంగా ఉంటుందని నాకు తెలుసు. మొదటి గది తుడిచి మళ్ళీ వేస్తే సరి. అయితే అప్పుడే నాకు విజయనగరంలో కంటి శుక్లాల ఆపరేషను అయింది. తెర వైపు చూడవద్దని, ఎండలోకి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సంవత్సరీకం దగ్గరకొచ్చింది. మేనకోడలు ఫోనులో, "మావా, ఆ దినం అమ్మ పాట ఇనిపించాల. నానింకేటీ అడగను" అంది. ఆగి ఉంటే బాగుండేదని ఇప్పుడు ఎవరైనా అనొచ్చు. తల్లి పోయిన ఆ గుంట గొంతు విన్నవాణ్ణి నేను, ఆగలేకపోయాను.

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, సీడీ సంచిలో వేసుకుని, పొందూరు వెళ్ళాను. పగటిపూట, భోజనాలయ్యాక మొదలుపెట్టాం. నేను గోడవైపు మొహం పెట్టి కుర్చీలో కూర్చున్నాను. బావ కీబోర్డు ముందు. అతను తెర మీదిది చదవాలి, నేను ఏం కొట్టాలో చెప్పాలి. అది ఒప్పందం.

మొదట్లో సరదాగానే సాగింది. ఇందులో బొమ్మలేటీ లేవేటి అన్నాడు. రాతలే, సదువు అన్నాను. అతను అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదివేవాడు. ఎల్, ఏ, ఎన్ అంటుండగానే నాకు తెర తెలిసిపోయేది. భాషా? ఎంటర్ కొట్టు. దేశమా? కిందకి దిగు, ఇండియా వస్తాది, కొట్టు. అతను నెమ్మది. ఒక్కో గీత దగ్గర ఆగి, చూపుడువేలు తెరకి ఆనించి, మళ్ళీ మొదటినుంచి చదివేవాడు. నాకు ఒళ్ళు మండేది.

"గజం కర్ర మీద గీతలన్నీ సదివినోడివి, ఈ గీత సదవడానికేటి బావా నీకు" అన్నాను.

"గజం కర్రకి తెలుగూ ఇంగిలీసూ నేవు బావా. గీతే" అన్నాడు.

ఇద్దరం నవ్వాం. ఆ ఇంట్లో మేమిద్దరం కలిసి నవ్వడం అదే ఆఖరు.

టాబ్ మీట అతనికి పట్టుబడలేదు. గెంతు అంటే బాణం కొట్టేవాడు, నడువు అంటే గెంతేవాడు. ఒకసారి ఎర్రగా ఉన్నది ఎంచుకున్నదా, ఎర్రగా లేనిది ఎంచుకున్నదా అని అడిగాడు. ఎర్రగా ఉన్నదే అని చెప్పాను. కాసేపటికి మళ్ళీ అదే అడిగాడు. మళ్ళీ చెప్పాను. మూడోమారు అడిగేసరికి, "అక్షరమ్ముక్క రానోడితో పెట్టుకున్నాను సూడు" అన్నాను. మీటల చప్పుడు కాసేపు ఆగింది. గోడవైపు కూర్చున్న నాకు అతని మొహం కనిపించలేదు. పనిలో ఎవరైనా అనే మాటే అది. కొలిమి దగ్గర నన్ను అంతకంటే పెద్ద మాటలన్నారు, నేను నేర్చుకున్నాను.

ఆ తర్వాత అతను ప్రశ్నలు తగ్గించాడు. పని వేగంగా సాగుతోందని సంతోషించాను.

గదుల తెర వచ్చింది. ఇక్కడే ప్రమాదం. మొదటి గదిని తుడవమని చెప్పాలి. ఆ పని సరిగ్గానే చేశాడు. తర్వాత రెండో గదికి పేరు చెప్పాలి, లేకపోతే పాటలు లోపల ఉన్నా బయటికి కనిపించవు. ఆ గది వివరాలు ఒక చదరంలో గీతలుగా వస్తాయి. ఫార్మాట్ అని ఒక గీత ఉంటుంది. తుడవాలా వద్దా అని దానర్థం. పక్కన నో అని, ఉన్నది ఉంచుతాననీ రాసి ఉంటుంది. ఆ గీత మీద ఎంటర్ కొడితే నో కాస్తా యెస్ అవుతుంది. గంట మోగదు, హెచ్చరిక రాదు, అక్షరాలు మారతాయంతే.

బావ చదివాడు. "ఫార్మాటు అని ఉన్నాది. పక్కన నో, కీపు, ఇంకేటో ఉన్నాది."

"అది అలగే ఉండాల. దాని జోలికెల్లకు. పేరు పెట్టీసినాక బాణం కిందకి దిగు. డన్ అని వస్తాది. అక్కడ కొట్టు."

పేరు పెట్టాడు. మీటల చప్పుడు అయింది. కిందకి, కిందకి, మళ్ళీ పైకి వెళ్ళినట్టుంది.

"బావా, కొట్టీమంటావా?" అన్నాడు.

కొట్టీ అన్నది అతను. నేను కాదు.

"డన్ మీదున్నావా?"

"ఊఁ."

"అయితే కొట్టు."

ఇదీ జరిగిన మాట. అక్షరం పొల్లుపోకుండా రాశాను. కొట్టాడు. చప్పుడు విన్నాను. ఒక్క క్షణం ఆగి, బాణం చప్పుడు, మళ్ళీ ఇంకో దెబ్బ. రెండుసార్లెందుకు కొట్టావని అడిగాను. మొదటిసారి ఏటీ అవనేదు అన్నాడు. పాత కీబోర్డు, అలా జరుగుతూనే ఉంటుంది. నమ్మాను.

అయినా ఆఖరి తెర ఒకటుంటుంది. అక్కడిదాకా యంత్రం దేన్నీ ముట్టుకోదు. ఏ గదులు తుడిచేయబోతోందో వాటి పేర్లు వరసగా రాసి, సరేనా అని అడుగుతుంది. దాని కోసమే నేను ధైర్యంగా ఉన్నాను. ఎక్కడ తప్పు జరిగినా అక్కడ దొరుకుతుంది.

"ఇక్కడ జాగర్త బావా. తుడిసే గదుల పేర్లు రాస్తాది. మొదటి గదొక్కటే ఉండాల. ఒక్కటేనా?"

వీధిలో ఎవరో గేదెల్ని తోలుకుపోతున్నారు.

"ఊఁ" అన్నాడు.

"యెస్ మీదకి గెంతి కొట్టు."

కొట్టాడు.

పని పూర్తయ్యేసరికి ఎండ వాలింది. యంత్రం చక్కగా వెలిగింది. నేను కళ్ళద్దాలు తీసి, డాక్టరు మాట పక్కన పెట్టి, తెర దగ్గరకి వెళ్ళి రెండో గది తెరిచాను. కొత్తగా అలికిన గదిలా ఉంది. ఏమీ లేదు. మూసి తెరిచాను. ఏమీ లేదు. ఆపరేషను అయిన కన్నుకి మసగ్గా ఉందేమో అనుకుని బావని చూడమన్నాను. అతను చూడలేదు. రాట్నం మీది ధోవతిని సరిచేస్తూ నిలబడ్డాడు.

ఏం చేశావని అడిగాను. నువ్వు సెప్పిందే సేసినాను అన్నాడు. నేను చెప్పింది కొట్టు అని. కొట్టీ అన్నావు అన్నాడు. కొట్టు అన్నాను అని అరిచాను. కొట్టు, కొట్టీ, రెండిటికీ తేడా ఏటి అన్నాడు. ఆ రోజుకి ఆ తేడాయే మా చెల్లెలు.

అప్పుడే బొబ్బిలినుంచి ఫోను వచ్చింది. అవతల మేనకోడలు. బావ ఫోను చెవికి పెట్టుకుని, నా ఎదుటే, "మీ మావ కొట్టీమన్నాడమ్మా" అన్నాడు. ఫోను నాకివ్వలేదు. సంవత్సరీకం నాడు పదిమందిలో చెప్పింది ఆ మాట రెండోసారి చెప్పడమే.

చుట్టాల్లో నాకు పేరు పడింది. పెళ్ళిళ్ళలో పందిరి కింద ఎవరైనా ఫోను నా చేతికిస్తే పక్కవాడు, మావా, ఏటీ కొట్టీకు అని వేళాకోళం చేసేవాడు. నవ్వేవాళ్ళు. కొట్టుకీ కొట్టీకీ తేడా చెప్పబోతే ఇంకా నవ్వేవాళ్ళు. చదువుకున్నవాళ్ళు కూడా. బళ్ళో వ్యాకరణం చెప్పే బంధువొకాయన కూడా, ఉచ్చారణ భేదమే గదా అన్నాడు. జీతం తీసుకుని తెలుగు చెప్పే మనిషి.

పాటలు మళ్ళీ తీయవచ్చేమోనని ప్రయత్నించకుండా ఉంటానా? తుడిచిన గదిలో అడుగున మరకలు మిగులుతాయని, వాటిని ఏరే సరంజామా ఉందని చదివాను. కన్ను నయమయ్యాక, తుఫానులో పోయినదానికి బదులు ఇంకో పాత యంత్రం తెచ్చుకుని, బావ యంత్రంలోని డిస్కు ఇప్పించమని మేనకోడలిని అడిగాను. తెచ్చింది. గరివిడి మా ఇంటికే తెచ్చి నా పక్కన కూర్చుంది. నన్ను మావా అని పిలవలేదు, ఇదిగో అంది. ఆ ఏరే పని కూడా అక్షరాల తెరే. బాణం, ఎంటర్. ఈసారి ప్రతి మీటా నా వేలితో నేనే కొట్టాను.

రోజంతా అది గదిని గీరింది. సాయంత్రానికి కొన్ని తుంపులు పైకి తేలాయి. చాలావాటిలో గరగర తప్ప ఏమీ లేదు. ఒకటి మాత్రం శుభ్రంగా వచ్చింది. అందులో రాట్నం తిరుగుతోంది. గాలికి తలుపు కొట్టుకుంటోంది. దూది బుట్ట జరిపిన చప్పుడు. మా చెల్లెలు పాట ఎత్తుకునే ముందు గొంతు సవరించుకునేది, ఆ సవరింపు. అంతే, అక్కడితో తెగిపోయింది. మళ్ళీ పెట్టాను. రాట్నం, తలుపు, బుట్ట, సవరింపు. తర్వాత నిశ్శబ్దం.

"అమ్మేది మావా" అంది మేనకోడలు.

మావా అనేసింది, అలవాటు కొద్దీ. ఆ తుంపుని ఆమె ఫోనులోకి ఎక్కించాను. ఎప్పుడైనా విందో లేదో తెలియదు. నేను అడగలేదు.

ఆ తర్వాత బావని ఎక్కడ కలిసినా నేను అడిగేది ఒకటే. ఆ రోజు నేనేటన్నాను? పెళ్ళిలో అడిగాను. శ్రీకాకుళం బస్టాండులో ఎదురుపడితే అడిగాను. ఒకరి దినకార్యంలో, భోజనాల బంతి ముగిశాక, చేతులు కడుక్కునే చోట అడిగాను. తువ్వాలు దులుపుకుని పక్కకి తప్పుకునేవాడు. ఒకరింట ఒకరం మంచినీళ్ళు ముట్టడం మానేశాం. మా ఇంటి ఆడపడుచు ఇల్లది. ఆమే లేనప్పుడు ఆ గడప ఎందుకు తొక్కాలని నన్ను నేను సమాధానపరచుకున్నాను. కానీ సమాధానం అది కాదు. ఆమె గొంతు ఎలాగూ పోయింది. దాన్ని తీసేసినవాడిగా నేను పోకూడదు. అది ఒక్కటే నాకు మిగిలిన పట్టు. ఎంత చిన్నదో నాకూ తెలుసు. రాత్రీ పగలూ అదే తిప్పుకుంటూ కూర్చున్న మనిషికి వేరే లోకం ఉండదు. నాకూ లేకుండాపోయింది. ఆ పాత యంత్రాన్ని మళ్ళీ వెలిగించలేదు. కంఠతా వచ్చిన తెరలు మాత్రం చెరగలేదు. నిద్రపట్టని వేళ వరసగా వస్తాయి, భాష, దేశం, కీబోర్డు, గదులు.

ఈ మధ్య మేనకోడలు ఫోను చేసింది. బావకి కంట్లో శుక్లాలు ముదిరాయట. విజయనగరంలో ఆపరేషను. తనకి డ్యూటీ, సెలవు దొరకలేదు. నన్ను వెళ్ళమంది. నేనా అన్నాను. నువ్వే మావా, నాన్నకి ఇంకెవులున్నారు అంది. వెళ్ళాను.

నాకు చేసిన ఆసుపత్రే. అప్పటి వరండాయే, బెంచీలు మార్చారు. ఆపరేషను అయ్యాక నర్సు అతన్ని బయటికి తెచ్చి నాకప్పగించింది. నల్ల కళ్ళద్దాలు, చెంప మీద మందు చారిక. చెయ్యి పట్టుకుని బెంచీ దాకా నడిపించాను. గడప వచ్చినప్పుడు గడప అన్నాను. మెట్టు వచ్చినప్పుడు మెట్టు అన్నాను. నేను చెప్పినట్టే అడుగు వేశాడు. వేళ్ళు సన్నబడ్డాయి. కూర్చోబెట్టి మంచినీళ్ళ సీసా అందించాను. పుచ్చుకుని తాగాడు. అన్నేళ్ళకి నా చేతి నీళ్ళు తాగాడు.

వరండాలో ఇంకెవరో ముసలివాళ్ళు బావలాగే నల్ల కళ్ళద్దాలతో గోడవారగా కూర్చుని ఉన్నారు. ఎవరి మొహమూ ఎవరికీ తెలియదు. నేను అడగకూడదనే వచ్చాను. ఆపరేషను అయిన మనిషిని అడగకూడదు. కానీ నోరు ఊరుకోలేదు. ఆ రోజు నేనేటన్నాను బావా అని అడిగాను. గట్టిగా అడగలేదు. అలవాటుగా అడిగాను, జవాబు రాదని తెలిసి.

సీసా మూత కోసం బెంచీ మీద తడుముకున్నాడు. దొరికింది. బిగించాడు. గోడవైపే మొహం పెట్టి అన్నాడు:

"నువ్వు కొట్టు అనే అన్నావు బావా. కొట్టీ అన్నేదు. డన్ మీదున్నానన్నాను గానీ నా ఏలు తప్పు గీత మీద పడ్డాది. ఆకర్ని ఒక్కటేనా అని నువ్వడిగినప్పుడు తెర మీద రెండు పేర్లున్నాయి. రెండూ సూసినాను. రెండోదేటని మల్లీ అడిగితే అచ్చరమ్ముక్క రానోడంటావని ఊఁ అన్నాను."